ఐజాక్ పచ్చికలో పులిచింత

ఎండాకాలం వస్తే కళ్యాణదుర్గంలో కాకులు కూడా ఒంటికాలి మీద నిలబడి, కాలు మార్చుకుంటూ అరుస్తాయి. వానమబ్బు ఎప్పుడైనా ఇటు వచ్చినా, ఊరి బోర్డు చదివి దిగకుండానే ముందుకు పోతుంది. అలాంటి ఊళ్లో ఇంటి ముందర పచ్చిక పెంచిన ఒకే ఒక్క మొనగాడు ఐజాక్.

ఉత్తి షోకు కాదు. ఉద్యోగమంతా ఆయన రాయదుర్గం దారిలో బస్సు తోలాడు. పాత బండ్లలో ఇంజను పెట్టె డ్రైవరు ఎడమకాలి పక్కనే. దాని మీద చెనక్కాయలు పోస్తే రాయదుర్గం చేరేలోపు దోరగా వేగేవనీ, కండక్టరు ఉప్పు చల్లి టికెట్టుతో పాటు పంచేవాడనీ ఐజాక్ ఒట్టేసి చెబుతాడు. చెనక్కాయల సంగతి దేవుడికి తెలియాలి గానీ, ఆ కాలి మంట మాత్రం రిటైరైనాక కూడా ఆయనతోనే ఇంటికి వచ్చింది. పొద్దున్నే వట్టికాళ్లతో చల్లటి పచ్చిక మీద నిలబడాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

బెంగళూరు నుంచి చాపల్లా చుట్టిన గడ్డి తెప్పించి పరిపించాడు. ఎదురింటి కదిరమ్మ గేటు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏమన్నా, ఆవు లేదు, మేక లేదు. ఇదంతా నువ్వే మేస్తావా ఏమి?"

మేసే యోగం కూడా లేకపోయింది. ఆ చాపల్లోనే దాక్కుని పులిచింత వచ్చింది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, చిన్న పసుప్పచ్చ పూలు. చూడ్డానికి బుద్ధిమంతురాలే. నెల తిరక్కుండా గజ్జిలా ఇటూ అటూ పాకింది. ఐజాక్‌కు దాన్ని చూస్తేనే రోత. వంగి పీకబోతే కాయలు టప్పున పగిలి గింజలు మొహాన కొట్టేవి. ఒకసారి నోట్లోనే పడ్డాయి. అన్నం ముందు కూర్చున్నా ఆయన ఉమ్ముతూనే ఉన్నాడు. ఉప్పు చల్లితే గడ్డి చచ్చింది. ఆ ఖాళీలో పులిచింత మరింత బలిసింది.

"దాన్ని పప్పులో ఏస్తే ఎంత కమ్మగుంటాది!" అంది భార్య సువార్త.

"ఛీ! ఆ రోతని ఇంట్లోకి తెస్తే నేను బస్టాండులో పండుకుంటా!"

అప్పుడే ఆయనకు ఒక గొప్ప ఉపాయం తట్టింది. ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లో పులిచింత బాగుండాది. ఎవురికి కావాలన్నా వచ్చి పెరుక్కోండమ్మా, ఊరికే!"

తెల్లారేసరికి గంపలతో, కొంగులతో ఆడవాళ్లు దిగారు. ముందు వరసలో కదిరమ్మ. ఐజాక్ కుర్చీ వేసుకుని, శత్రువు పీడ విరగడవుతుందని కాలు మీద కాలేసుకున్నాడు. కాసేపటికి గానీ ఆయన కంటికి అసలు సంగతి ఆనలేదు. ఒక్కరూ వేరు జోలికి పోవడం లేదు. చివర్లు మాత్రం గిల్లుకుంటున్నారు. పైగా కదిరమ్మ ముదురు కాయలు తెంపి, గడ్డి పలచగా ఉన్న చోట్ల చిదిపి చల్లుతోంది.

"మ్మే కదిరమ్మా! ఏం చేస్తాండావ్? వేర్లతో పెరకమంటి గదా!"

"తినే ఆకును ఎవురన్నా వేరుతో పెరుకుతారా? ఈ కరువు సీమలో పుట్టినోడివేనా నువ్వు? వేరు పెరికితే మల్ల వారం ఏం తినేది?"

"మల్ల వారం కూడా వస్తారా?"

"నువ్వే పిలిస్తివి గదన్నా, దేవుని ముందర!"

ఐజాక్ కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయాడు. గిల్లేకొద్దీ గుబురెక్కే జాతి అది. ఎండలు ముదిరేనాటికి పచ్చికలో సగం పులిచింతే.

అప్పుడు బోరు ఎండింది. తాగడానికే నీళ్లు కొనాల్సిన రోజుల్లో గడ్డికి ఎవరు పోస్తారు? బెంగళూరు గడ్డి పాత గోనెసంచి రంగుకు తిరిగింది. ఐజాక్‌కు ఏడుపొచ్చినంత పనైంది. పోతే పోయింది, దాంతో పాటు ఆ దరిద్రం కూడా పోతుందని గుండె రాయి చేసుకున్నాడు.

ఒకరోజు పొద్దున తలుపు తీస్తే, గోడ నీడన పులిచింత పచ్చగా నిగనిగలాడుతోంది. కదిరమ్మ బియ్యం కడిగిన నీళ్లు పోస్తోంది.

"ఏంటికి పోస్తాండావమ్మే దానికి?"

"నువ్వు పోయడం మానేస్తివి. అందరం వంతులేసుకున్యాం. తినేటోళ్లం చూసుకోవద్దా?"

ఐజాక్‌కు ఒళ్లు మండింది. క్లచ్చు తొక్కినట్టు తొక్కి నలిపేద్దామని ఎడమకాలు ఎత్తాడు. ఆ ఊపుకు చెప్పు ఎగిరి గోడవతల పడింది. వట్టికాలు ఆ తడి గుబురులో దిగింది.

చల్లగా తగిలింది. అరికాలి నుంచి మోకాలి దాకా పాకింది చలువ. కాయలు టపటప పగిలి చీలమండకు గింజలు కొట్టాయి.

"ఛీ, ఛీ, జిగురు!" అన్నాడు మొహం మాడ్చుకుని.

"తొక్కొద్దన్నా, రేపటి పప్పుది అది!"

"తొక్కలేదులేమ్మే. నిలబడినానంతే," అంటూ కుడికాలి చెప్పు కూడా విడిచాడు ఐజాక్.