బండి నిండా రాళ్లు

1969 వేసవి. అప్పుడు నేను మొయినాబాద్‌లో ఒక సేటు దగ్గర బస్సు నడిపేవాణ్ణి. బస్సు అని మర్యాదకు అంటున్నాను. నిజాం కాలంలో పుట్టి, ఒళ్లంతా అతుకులేసుకుని, పెళ్లిళ్ల కిరాయిలకు తిరిగే ముసలి బండి అది. సెల్ఫ్ పనిచేయదు, అంటే తాళం తిప్పితే ఇంజిన్ అందుకోదు, దిగి నెట్టాలి. హ్యాండ్ బ్రేక్ పేరుకే ఉంది. చడావు మీద, అంటే ఎత్తు మీద ఆపితే వెనక చక్రం కింద రాయి పెట్టాల్సిందే.

ఆ బండిలో సిటీ చూస్తామని చేవెళ్ల పక్క ఊరి చర్చి ఆడవాళ్లు బయలుదేరారు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఇవాళ బంద్, రేపు లాఠీచార్జి.

"గిప్పుడే పోవాల్నా అయ్యగారూ?" అని వాళ్లను తీసుకుపోతున్న పాస్టర్‌ను అడిగాను.

"శాంతమ్మవ్వ కోసం పోతున్నం యాదయ్యా. అవ్వకు కండ్లు మసకైతున్నయ్. ఇంకో ఏడాదాగితే ఏం జూస్తది?"

శాంతమ్మవ్వ పెనిమిటి కూరగాయల బండి తోలుకుని సిటీకి పోయేవాడట. బంజారా గుట్టల మీది నుంచి చూస్తే ఊరంతా, హుస్సేన్ సాగర్‌తో సహా కనబడుతుందని, ఒకనాడు తీసుకుపోతానని ఆశపెట్టి, తీసుకుపోకుండానే కన్నుమూశాడు. ఆ ఒక్క చూపు కోసమే ఈ ప్రయాణం.

మొయినాబాద్ దాటగానే మొదటి చడావులో రేడియేటర్ పొగలు కక్కింది. అందులోని నీళ్లు మరిగితే ఇంజిన్ మొరాయిస్తుంది. ఆపి బ్రేకు మీది నుంచి కాలు తీయబోయాను. బండి వెనక్కి జారడం మొదలైంది. "రాయి పెట్టుండ్రి!" అని అరిస్తే, లోపల కూర్చున్న ఆడవాళ్లు "ప్రభువా!" అన్నారే తప్ప ఒక్కరూ కదల్లేదు. పాస్టరే దూకి రాయి వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గుట్టలెక్కుడు అంటే ఆటనా? రాయి లేకుంట బండెక్కుతరా ఎవలన్న?" అని అందరినీ కలిపి దులిపేసి, నీళ్లు తేవడానికి పోయాను.

నేను చేసిన పని అదే. వాళ్లు చేసిన పని సిటీ మొదట్లో చడావు మీద పోలీసులు బండిని ఆపినప్పుడు తెలిసింది. ఇన్‌స్పెక్టర్ లోపలికెక్కి సీట్ల కిందికి వంగి చూశాడు. ప్రతి సీటు కిందా ఒక రాయి! సద్దిమూట పక్కన ఒకటి, పాటల పుస్తకం పక్కన ఒకటి. నేను నీళ్లకు పోయినప్పుడు తలా ఒకటి ఏరుకున్నారు మహాతల్లులు.

"ఎవరి మీద వెయ్యడానికయ్యా ఇవన్నీ?" అన్నాడాయన.

"ఎవల మీదికి గాదు సార్, చక్రం కిందికి."

"ఇంతమందికి ఇన్ని చక్రాలా?"

నా మాట నమ్మకుండా ఆడవాళ్లను దింపి, రాళ్లన్నీ రోడ్డు పక్కన కుప్ప పోయించాడు. ఇంజిన్ ఆపించి, నన్నూ దిగమన్నాడు.

"బ్రేకు మీదికెల్లి కాలు దీస్తే ఎనకకు పోతది సార్. ఎనక మీ జీపున్నది."

"నాటకాలు కట్టిపెట్టి దిగు!"

బండి పట్టుబడితే సేటు నన్ను వాకిలి తొక్కనివ్వడు. ఎదురు చెబితే జైలు. దిగాను. బండి మెల్లగా జీపు వైపు జారింది. అంతే, ఆడవాళ్లంతా కుప్ప మీద పడి తలా ఒక రాయి ఎత్తుకున్నారు. తమ మీదికే అనుకుని కానిస్టేబుళ్లు తలలకు చేతులడ్డం పెట్టుకుని చెట్టుకొకరు పుట్టకొకరు పరుగెత్తారు. వీళ్లేమో చక్రాల కింద రాళ్లు గుమ్మరించి, బండిని జీపుకు జానెడు దూరంలో నిలబెట్టారు.

ఇన్‌స్పెక్టర్ జీపుకు, బండికి మధ్య మిగిలిన జానెడు సందును వంగి చూశాడు. తర్వాత ఆయన మనుషులే నెట్టి బండి స్టార్ట్ చేయించారు. "పోండి. రాళ్లు మాత్రం ఇక్కడే ఉంటాయి" అన్నాడు.

రాయి లేకుండా గుట్ట ఎక్కనని, వెనక్కి తిప్పుతానని మొండికేశాను. అవ్వ మాత్రం కిటికీలోంచి గుట్టల వైపు చూస్తూ కూర్చుంది. నాకు ఆ చూపు మీద కూడా కోపమొచ్చింది. తిట్టుకుంటూనే ఎక్కించాను.

పైన ఇంజిన్ ఆపకుండా, బ్రేకు తొక్కిపట్టి కూర్చున్నాను. అందరూ అంచు దగ్గరికి పోయి హుస్సేన్ సాగర్‌ను వేళ్లతో చూపించుకుంటున్నారు. అవ్వ లేదు. అద్దంలో చూస్తే వెనక చక్రం దగ్గర తెల్ల చీర. ఆమె చక్రం కింద ఒక రాయి పెట్టి, రెండు చేతులతో అదిమిపట్టి కూర్చుంది.

"అవ్వా! రాయి యాడిదే?"

"నా ఒడిల దాసుకున్న బిడ్డా. రాయి లేకుంట గుట్టెక్కద్దని నువ్వే అంటివి గద."

"సిటీ జూడనీకె వచ్చినవా, టైరు జూడనీకె వచ్చినవా?"

"వాళ్లను జూడనీ. అందరం మళ్ల ఇంటికి పోవద్దా?"

బ్రేకు మెల్లగా వదిలి, రాయి గట్టిగా ఉందని చూసుకుని దిగాను. ఆమెను లేపి, ఆమె చోట నేను కూర్చుని, "పో అవ్వా, నేనుంటగా" అని కసిరాను.

డ్రైవర్ విసుగులో అన్న మాటను ప్యాసింజర్లు చెవిన పెట్టరని అంతవరకు నా నమ్మకం. అది తప్పని ఆ రోజు తెలిసింది. వాళ్లు తమ ప్రాణాలను మన చేతిలో పెట్టి కూర్చుంటారు, కాబట్టి తిట్టును కూడా ఆజ్ఞలాగే వింటారు. ఆ తర్వాత నోరు పూర్తిగా మంచిదైందని చెప్పను గాని, తిట్టే ముందు బండిలో ఎవరున్నారో ఒకసారి చూసుకునేవాణ్ణి.

అవ్వ చాలాసేపు నిలబడి చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. నేను లేచి ఎదురుపోయాను.

"ఎట్లున్నదవ్వా?"

"ఆయన జెప్పినట్లే ఉన్నది" అంది. తర్వాత వంగి చూసి, "రాయి ఇడిసిపెట్టినవేంది కొడుకా?" అని నన్ను కసిరింది.