చెల్లెలి ఫోటో, నా వణికే చేతులు

మా చెల్లెలిని చూడటానికి వచ్చిన మొదటి సంబంధంవాళ్లు టీ తాగి, బూందీ తిని, రెండోసారి పెట్టిన బూందీ కూడా తిన్నారు. ఆ తర్వాత ఫోన్‌లో ఉన్న ఫోటోనూ, ఎదురుగా కూర్చున్న మా చెల్లెలినీ మార్చి మార్చి చూశారు.

"ఫోటోల తెల్లగున్నది గద వదినా" అంది పిల్లవాడి తల్లి మా అమ్మతో, మేమేదో సరుకు మార్చి అంటగట్టినట్టు. వచ్చినప్పటి నుంచి ఆమె టీ కప్పును సాసరుతో సహా చేతిలోనే పట్టుకుంది, ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. మా ఇంటి నేలంటే అంత చిన్నచూపా అని నాకు ఒళ్లు మండింది.

ఆ ఫోటో మేముండే లింబాయత్‌లోనే ఒక స్టూడియోలో దిగింది. స్టూడియో ఆయన దయగలవాడు. అడగకుండానే మా చెల్లెలి రంగు మార్చాడు, ముక్కు సన్నం చేశాడు, చెంప మీది పుట్టుమచ్చ తుడిచేశాడు, వెనకాల ఒక సరస్సు కూడా పెట్టాడు. సరస్సు ఎందుకని అడిగితే ప్యాకేజీలో ఉందన్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక మా చెల్లెలు ఆ ఫోటో పట్టుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అన్నా, ఈసారి నువ్వే తియ్యి. నేనెట్లున్ననో గట్లనే రావాలె. ఇంకోసారి గీ మాట నేను పడ" అంది.

మొదట ఫోన్‌తో తీశాను. మా ఫోన్ స్టూడియో ఆయనకు దగ్గరి చుట్టం. ముఖం కనబడితే చాలు, సున్నం కొట్టడం మొదలుపెట్టేది. ఎక్కడో లోపల దాక్కున్న బటన్ వెతికి ఆపితే, మర్నాటికి మళ్లీ అదే తెరుచుకునేది. దాంతో కెమెరా కొనాలని తీర్మానించాను.

నా గురించి ఒక మాట చెప్పాలి. మగ్గం నుంచి దిగిన గుడ్డ చుట్టను ఇక్కడ తాకా అంటారు. దాన్ని బల్ల మీద లాగుతూ, పోగు తెగిన చోట, నూనె మరక పడిన చోట సుద్దతో గీత పెట్టడం నా పని. పన్నెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. నా కంటికి చిక్కని లోపం లేదని మా సేఠ్ నలుగురిలో అనేవాడు, నేనూ కాదనేవాడిని కాదు. అలాంటి కన్నున్నవాడికి ఫోటో ఎంతలో పని అనుకున్నాను.

నెల రోజులు వీడియోలు చూశాను. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి కెమెరా లేదని ఒకాయన చెబుతాడు. అది కొన్నవాడు గాడిద అని ఇంకొకాయన చెబుతాడు. చివర్లో ఇద్దరూ ఒకే కెమెరా సంచీ కొనమంటారు. అన్నీ చూశాక, మొదట్లో ఉన్న కాస్త తెలివి కూడా పోగొట్టుకుని దుకాణానికి వెళ్లాను.

"ఏం తీస్తారు?" అని దుకాణం ఆయన హిందీలో అడిగాడు.

"మా చెల్లెలిని."

"ఇంకా?"

"అంతే."

ఆయన మూరెడు పొడవున్న లెన్స్ ఒకటి తీసి ముందు పెట్టాడు. రేపు పక్షులను తీయాలనిపిస్తే పనికొస్తుందట. మా గల్లీలో ఉన్న పక్షులు పావురాలు. వాటిని తీయడానికి లెన్స్ అక్కర్లేదు, చీపురుతో తరిమినా పోవు. చివరికి అన్నిటికంటే చిన్న కెమెరా, ఒక్క లెన్స్‌తో వచ్చేది కొన్నాను. కొత్తవాడు చూసుకోవలసింది బరువు చేతికి నప్పిందా, బటన్లు వేళ్లకు అందుతున్నాయా అన్నదేనని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం మెడలో వేసుకుని, అద్దంలో ఎలా ఉన్నానో చూసుకుని కొన్నాను.

మేముండేది మేడ మీది వాటాలో. కింద కరెంటు మగ్గాల కార్ఖానా. రెండు షిఫ్టులు, మగ్గం నడిపే కారీగర్లు మారతారు గానీ మగ్గాలు ఆగవు. గల్లీ ఇరుకు కాబట్టి ఉన్న ఒక్క కిటికీ నుంచి వెలుతురు పిసినారిగా వస్తుంది. పైకప్పు మీద మంచి వెలుతురు ఉంది కదా అంటే మా చెల్లెలు ఒప్పుకోలేదు.

"ఆడ దిగితే సంబంధం చూస్తున్నరని గల్లీ అంతటికి చెప్పినట్టే. మల్ల పోయిందని గూడ చెప్పుకోవాలె" అంది.

కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. వెలుతురు ముఖం మీద పక్క నుంచి పడాలి, ఫోకస్ కళ్ల మీద నిలపాలి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. వీడియోల్లో చెప్పినవన్నీ చేశాను. ఫోటో చూస్తే మా చెల్లెలికి నాలుగు కళ్లున్నాయి. ఇంకో ఇరవై తీశాను. అన్నిట్లోనూ ముఖం తడిసిన కాగితం మీది సిరాలాగా అలుక్కుపోయి ఉంది.

కెమెరా పట్టుకుని దుకాణానికి పోయాను. ఆయన నన్ను ఒక ఫోటో, నేను ఆయన్ని ఒక ఫోటో తీశాం. ఆయన మీసంలో ఒక్కో వెంట్రుక లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. ఇంటికి తెచ్చి తీస్తే మళ్లీ నాలుగు కళ్లు. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన చాలా మర్యాదగా, "మీ చేతులు వణుకుతున్నాయేమో, డాక్టరుకు చూపించుకోండి" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఒక స్టాండ్ కూడా అంటగట్టాడు. మూడు కాళ్ల స్టాండ్ మీద కెమెరా పెట్టి తీస్తే నా చేతులతో తీసినదానికంటే ఘోరంగా వచ్చింది. అయినా తప్పు నా చేతులదే అనుకున్నానంటే నా తెలివి ఎంతటిదో చూడండి. టీ మానేశాను. మా అమ్మ నా కుడిచేతికి తాయెత్తు కట్టించింది.

ఇంతలో పక్కపేట గోడాదరా నుంచి ఇంకో సంబంధం వచ్చింది. వాళ్ల పిల్లవాడి ఫోటో వచ్చేసింది, మనది పంపమంటున్నారు.

"ఇగ ఆ చెరువు ఫోటోనే పంపుదాం కొడుకా, ఎన్ని దినాలాపుతం" అంది అమ్మ.

మా చెల్లెలు నేను తీసిన వాటిని ఒక్కొక్కటే చూసి, కెమెరా నా చేతికిచ్చింది. "నా మొకమే గిట్లుంటదేమో అన్నా. కెమెరా ఏం జేస్తది" అంది. తెల్లగా లేవన్నది పరాయివాళ్లు. అసలు ముఖమే లేదనిపించింది మాత్రం నేను.

రెండు రోజుల తర్వాత, పట్టపగలు మా గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కింద మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి మా అమ్మ వంటగదిలోంచి గరిటె పట్టుకునే బయటికొచ్చి, "ఏమైందిరా, ఎవలికేమైంది" అని అడిగింది. కిటికీ కింద కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తున్న మా చెల్లెలు తలెత్తి చూసింది. చేతిలో కత్తెర, ఒళ్లో ఎవరిదో చీర, భుజం మీద దారపు ముక్కలు. నేను అలవాటుకొద్దీ కెమెరా ఎత్తి నొక్కాను.

రెండే కళ్లు వచ్చాయి. కనురెప్పల వెంట్రుకలు వచ్చాయి. చెంప మీద పుట్టుమచ్చ, దాని పక్కన చిన్నప్పుడు పడిన గాటు, తన చామనఛాయ ఉన్నది ఉన్నట్టుగా వచ్చాయి.

అప్పుడు నా చూపు తన పక్కనున్న గ్లాసు మీద పడింది. అందులో నీళ్లు కదలడం లేదు. ఆ ఇంట్లో కదలని నీళ్లు చూడటం నాకు అదే మొదలు. మా అమ్మ రోజూ పొద్దున్నే దేవుడి పటాలు ఎందుకు సరిచేస్తుందో, షెల్ఫులో గిన్నెల కింద గుడ్డ ఎందుకు పరుస్తుందో, ఆ మొదటి సంబంధం ఆవిడ కప్పు ఎందుకు కింద పెట్టలేదో అన్నీ ఒక్కసారే తెలిసొచ్చాయి. వణికింది నా చేతులు కాదు, ఇల్లు. పన్నెండేళ్లుగా పరాయివాళ్ల గుడ్డలో తెగిన పోగు పట్టుకున్న కన్ను ఇది. సేఠ్‌కు ఈ సంగతి నేను చెప్పలేదు.

"పాత బట్టలు, మీద దారాలు. గిది పంపుతరా ఎవలన్న?" అంది అమ్మ. మా చెల్లెలు నా ఫోన్‌లోంచి తనే పంపింది.

ఆదివారం గోడాదరావాళ్లు వచ్చారు. పిల్లవాడి తల్లి ఫోటో చూసింది, మా చెల్లెలిని చూసింది, మళ్లీ ఫోటో చూసింది. "గట్లనే ఉన్నది" అంది కొంచెం నిరాశగా, బేరమాడటానికి ఏమీ మిగల్చలేదన్నట్టు. నాకు మాత్రం ఆ రెండు మాటలకే కళ్లల్లో నీళ్లొచ్చాయి. బూందీ తెచ్చే నెపంతో లోపలికి పోయి వచ్చాను.

వచ్చేసరికి మా చెల్లెలు నా ఫోన్ తెరిచి పిల్లవాడి ఫోటో చూస్తోంది. ఆయన వెనకాల కూడా ఒక సరస్సు ఉంది, ముఖం చూసే తొందరలో నేను గమనించనే లేదు. అదే సరస్సు. దాని ఒడ్డున ఆయన పాలలా తెల్లగా, నిండు జుట్టుతో నిలబడి ఉన్నాడు. మా ఎదుట కూర్చున్నాయన మాత్రం మాలాగే చామనఛాయ. జుట్టు నుదుటిని వదిలి కొంచెం వెనక్కి జరిగింది.

"గిది మీరేనా?" అని అడిగింది మా చెల్లెలు.

మా అమ్మ తల కొట్టుకోబోయి ఆగింది. ఆయన ఒకసారి తల్లివైపు చూశాడు.

"స్టూడియోల జేసిన్రు. నేనైతే గిట్లనే ఉంట" అన్నాడు.

"గిట్లనే మంచిగున్నరు. మా అన్న తీస్తడు మీ ఫోటో. కని కరెంటు పోయిన నాడు రావాలె" అంది.

కరెంటు ఎందుకు పోవాలో ఆయనకు చెప్పాలని నేను నోరు తెరిచాను. ఆయన అప్పటికే టీ కప్పును నేల మీద పెట్టేశాడు. అది సాసరులో గలగలమంటుంటే దానివైపు చూడను కూడా చూడలేదు. కింద మగ్గాలున్న ఇంట్లోనే పెరిగి ఉంటాడు.

"కరెంటు మల్ల ఎప్పుడు పోతది?" అని అడిగాడు.