నా చేతికి తెలుస్తుందన్నాను

మా వీధి చివరి ఇంట్లో ఉండే అన్న మావారికి ఆఫీసు స్నేహితుడు, వరంగల్ మనిషి. నన్ను చెల్లె అంటాడు. అమెరికాలో ఈ కమ్మింగ్ ఊరికి వచ్చాక ఆయనకి జింకల వేట పట్టుకుంది. నాకు వేట ఇష్టం లేదు గానీ తుపాకీ అంటే భయం కూడా లేదు. యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. గేజ్‌లు పెట్టి కొలవడం, పాస్ అనో రిజెక్ట్ అనో రాయడం నా ఉద్యోగం.

ఒక వేసవి చివర్లో అన్న తన పాత రైఫిల్‌కి కొత్త బారెల్ తెప్పించాడు. పాతది లోపల అరిగిపోయి గురి తప్పుతోందట.

"తుపాకులు బాగుజేసే గన్‌స్మిత్‌కి ఇస్తే వేట సీజన్ స్టార్ట్ అయినంక గానీ ఇయ్యడట చెల్లె. ఇది నట్‌తోటి బిగించేదే, ఇంట్లనే ఫిట్ చేసుకోవచ్చు. నువ్వు దినమంతా గేజ్‌లే కదా పట్టుకునేది. జర వచ్చి చూడరాదూ?"

ఆ మాట నాకు నచ్చింది. ఫ్యాక్టరీలో నా పనికి విలువిచ్చి అలా అడిగినవాళ్లు లేరు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ల గరాజ్‌లో కూర్చున్నాం. రైఫిల్ ఖాళీగా ఉందని ఇద్దరం విడివిడిగా చూసుకున్నాం. పాత బారెల్ ఊడి రావడానికే గంటన్నర పట్టింది. అన్న చొక్కా తడిసిపోయింది. మధ్యలో వదిన వచ్చి మజ్జిగ ఇచ్చి, "ఇద్దరూ కలిసి ఇల్లు పేల్చకుర్రి" అని నవ్వి వెళ్లింది.

కొత్త బారెల్‌ని మరలో తిప్పడం కష్టం కాదు. ఎంతవరకు తిప్పి ఆపాలన్నదే అసలు సంగతి. తూటా లోపల కూర్చున్నాక దాని వెనక భాగానికీ, దాన్ని మూసి పట్టుకునే బోల్ట్‌కీ మధ్య సందు దాదాపు మిగలకూడదు. ఎక్కువ మిగిలితే పేలినప్పుడు తూటా ఇత్తడి గొట్టం వెనక్కి సాగి చిరుగుతుంది. ఆ వేడి గాలి కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. ఆ సందుని హెడ్‌స్పేస్ అంటారు. దాన్ని కొలవడానికి తూటా ఆకారంలో రెండు ఉక్కు గేజ్‌లు ఉంటాయి. 'గో' పెడితే బోల్ట్ మూసుకోవాలి. 'నో-గో' పెడితే మూసుకోకూడదు.

అన్న గేజ్‌లతో వచ్చిన కాగితం చదువుతున్నాడు.

"చెల్లె, ముందుగాల బోల్ట్ లోపలి స్ప్రింగులన్నీ తీసెయ్యాల్నట."

"అక్కర్లేదన్నా. ఎక్కడ ఆగిందో నా చేతికి తెలుస్తుంది."

"ఇందుల రాసిండ్రు మరి."

"చేతనైనవాళ్లకి కాదన్నా అవి రాసేది."

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టాడు. గో గేజ్ పెట్టి, బోల్ట్ మూసి, అడ్డం తగిలేదాకా బారెల్ తిప్పాను. నట్ బిగించాం. నో-గో పెట్టి బోల్ట్ పిడిని రెండు వేళ్లతో కిందికి నొక్కాను. సగంలో ఆగింది. "పాస్" అన్నాను.

గురువారం ఫ్యాక్టరీలో ఒక వాల్వ్ భాగం కొలుస్తున్నాను. గేజ్ ఆగింది. రిజెక్ట్ రాయబోతూ చూస్తే లోపల ఒక చిన్న స్ప్రింగ్ అమర్చి ఉంది. ఆపింది అదే. అది తీసి పెడితే గేజ్ జారుకుంటూ లోపలికి పోయింది.

గేజ్ కింద పెట్టేశాను. ఆదివారం నా చేతికి తగిలింది ఉక్కు కాదు, స్ప్రింగ్. గో గేజ్‌తో కూడా అంతే జరిగి ఉంటుంది. అంటే బారెల్ పూర్తిగా లోపలికి వెళ్లకముందే ఆపేశాను.

ఫోన్ తీశాను. పది నిమిషాల కిందట అన్న మా గ్రూపులో షూటింగ్ రేంజ్ నుంచి ఫోటో పెట్టాడు. కాగితం మీద మూడు చిల్లులు, కింద 'చెల్లె చేతి పని' అని. ఫోన్ చేశాను. ఎత్తలేదు. చెవులకి మోత తగలకుండా మఫ్‌లు పెట్టుకుని ఉంటాడు. రేంజ్ నంబరు వెతికి చేస్తే ఎవరో హోల్డ్‌లో పెట్టారు. ఆ హోల్డ్‌లోనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. సూపర్‌వైజర్‌కి చెప్పిన గుర్తు కూడా లేదు.

ఇరవై అయిదు నిమిషాల దారి. కార్ దిగేసరికి లోపల కాల్పులు వినిపిస్తున్నాయి. ఒక్కో మోతకీ ఇది ఆయనదేనేమో అనుకుంటూ పరిగెత్తాను. అన్న బల్ల దగ్గర కూర్చుని చెంప రైఫిల్‌కి ఆనించి ఉన్నాడు. భుజం పట్టుకుందామంటే చెయ్యి రాలేదు, ట్రిగ్గర్ మీద ఆయన వేలుంది. రేంజ్ మనిషికి చెప్పాను. ఆయన అందరినీ ఆపించాడు.

"ఏమైంది చెల్లె? పిల్లలు మంచిగున్నరా?"

"కాల్చిన గొట్టాలు చూపించన్నా."

తొమ్మిది. ప్రతిదాని అడుగుకి కొంచెం పైన మెరిసే గీత. ఒకదానిమీద ఆ గీత గోటికి తగులుతోంది. ఇంకాస్త సాగి ఉంటే అక్కడే రెండు ముక్కలయ్యేది. కాల్చేటప్పుడు ఆయన కుడి కన్ను దానికి జానెడు దూరంలోనే ఉంటుంది.

చెప్పాను. అంతా చెప్పాను. అన్న ఆ గొట్టాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఏం గాలే కదా, నేను మంచిగనే ఉన్న. మీ వదినకు మాత్రం చెప్పకు. రైఫిల్ అమ్మేయమంటది" అన్నాడు.

సాయంత్రం గరాజ్‌లో ఈసారి స్ప్రింగులు తీసి నో-గో పెట్టాం. బోల్ట్ పూర్తిగా మూసుకుంది. మళ్లీ బిగిస్తావా అని ఆయన అడగలేదు, నేనూ అనలేదు. మర్నాడు రైఫిల్ గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లింది.

రెండు వారాలు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒకరోజు వదిన మా ఇంటికొచ్చి వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ, "తుపాకి నువ్వు చెక్ చేసినవ్ కాబట్టి నాకు రంది లేదు" అంది. ఇక ఉండబట్టలేదు. అన్న చెప్పొద్దన్నా అంతా చెప్పేశాను.

ఆమె తుంచడం ఆపలేదు. పళ్లెం నిండాక అడిగింది.

"ఆయన కాగితం సదివి చెప్పిండా నీకు?"

"చెప్పాడు."

"మరెందుకట్ల అన్నవ్?"

టైమ్ లేదనో, పనిముట్టు లేదనో చెప్పవచ్చు. రెండూ నిజం కావు.

"తెలియదని అనిపించుకోవడం ఇష్టం లేక, వదినా."

ఆమె తలాడించింది. చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అన్న రైఫిల్ అమ్మలేదు. ఆ సీజన్‌లో వేటకి వెళ్లలేదు కూడా. బతుకమ్మకి వదిన ఎప్పటిలాగే పిలిచింది. సద్దుల ప్రసాదం డబ్బా చేతిలో పెట్టి, పిల్లల సంగతి అడిగింది. అందరితో కలిసి చప్పట్లు కొడుతూ తిరిగాం. పాటలో రెండుసార్లు ఆమె నాకు ఎదురుగా వచ్చింది. రెండుసార్లూ నవ్వింది. ఆ నవ్వులో ఏముందో నాకు అంతుపట్టలేదు.