కరిగే ఖర్చు, నిలిచే ఖర్చు

ఇద్దరూ సరిసమానంగా ఖర్చు పెట్టుకున్నా, ఒకరికే ఏదో తక్కువైనట్టు ఎందుకుంటుంది? ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా నాతోనే తిరుగుతోంది. పొయ్యి దగ్గర, కాలేజీ బస్సులో, జీతం పడిన రోజున. దానికి జవాబు చెప్పిన ఒకే ఒక మనిషి మా వదిన, అంటే మా ఆయన సొంత అక్క, పోయిన నెల చనిపోయింది.

ఫోన్ మోగినప్పుడు నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాను. ఆస్పత్రి నుంచి మా ఆయన "అక్క లేదు" అని రెండు మాటలే అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. 'ఆయనకు చెప్పకుండానే పోయిందా' అనిపించింది. ఆ తర్వాతే ఏడ్చాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం, నాలో ఆ వరుస అలా తారుమారు కావడమే.

వదిన కేసముద్రంలో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. రైతులు తెచ్చిన ధాన్యం అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణం అది. పెళ్లయిన ఆరేళ్లకే భర్త పోతే అక్కడ చేరి, ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు రాసింది. కిరాణా కొట్టుకు నాతో వస్తే, కొట్టాయన కాలిక్యులేటర్ నొక్కడం అయిపోయేలోపే మొత్తం చెప్పేసేది. "చూస్కో అన్నా, నీది నాది ఒక్కటేనా?" అని, ఒక్కటే అయితే చిన్నపిల్లలా మురిసేది.

ఆదివారం పొద్దున రైలుకు మా ఇంటికి వచ్చేది. సంచిలో తను తినబోయేదానికి సరిపడా పెసర్లో, రెండు సొరకాయలో తెచ్చేది. "తమ్ముని ఇంట్ల ఈ లెక్కలేంది వదినా?" అంటే, "లెక్కంటే కోపం కాదు పిల్లా, మర్యాద. మీ ఇంట్ల తిని పంటె నాకు నిద్ర మంచిగ పట్టాలె గదా" అనేది.

మట్టెవాడలో ఈ ఫ్లాట్ కొన్న కొత్తలో మేమిద్దరం రోజూ డబ్బు గురించే పోట్లాడుకునేవాళ్లం. పాలవాడికి ఎవరిచ్చారు, గ్యాస్‌కు ఎవరు కట్టారు, చదివింపుల కవరులో ఎవరి పైసలు పెట్టాం. ఇద్దరివీ దాదాపు ఒకే జీతాలు. ఫోన్‌లో రాసుకుందామని మొదలుపెట్టి, ఎవరు రాయడం మరిచారన్నదానికీ కొట్లాడాం. ఒక ఆదివారం వదిన వచ్చేసరికి మా ఇద్దరికీ మాటల్లేవు. కారణం కుక్కర్ రబ్బరు.

"నలభై రూపాయల రబ్బరుకు మూతులు ముడుసుకున్నరా? సదువుకున్నోళ్లు, సిగ్గులేదా మీకు?" అని గోడ మీది క్యాలెండర్‌లో అయిపోయిన నెల చింపి, వెనకవైపు నిలువుగా ఒక గీత గీసింది. ఎడమ పక్కన ఇంటి లోను కిస్తు, పదకొండు వేలు. అది ఆయన కట్టాలి. నాది అప్పుడు కాంట్రాక్టు ఉద్యోగం కనక బ్యాంకువాళ్లు లోను ఆయన పేరు మీదే ఇచ్చారు, ఇల్లూ ఆయన పేరు మీదే రాయించాం. కుడి పక్కన బియ్యం, పాలు, కూరగాయలు, కరెంటు, గ్యాస్, మందులు, వచ్చేపోయేవాళ్లు. అవి నావి. కూడితే పదివేల ఎనిమిది వందలు.

"సూడుండ్రి, బరాబర్ వచ్చింది. ఆ రెండు వందలు తక్కువున్నయి గదా, నెలకోపారి దీనికి బిర్యానీ తినిపియ్యి తమ్మీ."

ఆ కాగితంతో మా కొట్లాటలు నిజంగానే ఆగిపోయాయి. రాసుకున్నది కొట్లాడదని, యాదికి పెట్టుకున్నదే కొట్లాడుతుందని వదిన అంటుండేది. పాప పుట్టి, ఫీజులు వచ్చి నా పక్క ఖర్చు పెరిగినప్పుడు కూడా ఆమే కూర్చుని సవరించింది. కిస్తు అట్లాగే ఉంది, నావి పద్దెనిమిది వేలయ్యాయి. తేడా ఏడు వేలు, అందులో సగం ఆయన నాకియ్యాలి. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ప్రతి నెలా ఒకటో తారీకున మూడున్నర వేలు నా ఫోన్‌కు వచ్చేవి. ఆ తర్వాత పెరిగినప్పుడల్లా అదీ పెరిగింది. ఒక్క నెల తప్పలేదు.

తప్పి ఉంటే బాగుండేదేమో. కనీసం ఫలానాది అన్యాయం అని చెప్పుకోవడానికి ఒకటుండేది. మా అమ్మకు చెప్తే "ఇంకేం గావాలె నీకు?" అంటుంది. తోటి లెక్చరర్లయితే నా అదృష్టానికి కుళ్లుకుంటారు. లెక్క సరిగ్గా ఉంది, మనిషి మంచివాడు, ఇల్లు ప్రశాంతంగా ఉంది. అయినా తలుపులన్నీ దగ్గరగా వేసిన గదిలో ఉన్నట్టు ఉండేది. నేనే అత్యాశ మనిషినేమో అని కూడా చాలాసార్లు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

కిందటేడు కిడ్నీ జబ్బుతో వదిన మా ఇంట్లోనే ఉండి చూపించుకుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. లోను ఇంకొన్ని నెలల్లో అయిపోతుందని మాటల్లో అన్నాను.

"కాయితాలు ఎవరి పేరు మీద ఉన్నయి?" అంది.

"ఆయన పేరు మీదనే గదా వదినా. మీకు తెల్వదా?"

ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. పాత కాగితం ఉందా అని అడిగింది. గ్యాస్ పుస్తకంలో దాచిన ఆ క్యాలెండర్ పేజీ తెచ్చిచ్చాను. చాలాసేపు చూసింది.

"ఎంత తప్పు జేసిన పిల్లా! వాని దిక్కు రాసింది ఇల్లయింది. నీ దిక్కు రాసిందంతా తిని చెయ్యి కడుక్కునుడయింది. దుకాణంల సరుకు పైసలు, చాయ పైసలు బరాబరున్నయని ఒక్క తీరుగ జూస్తె మా సేటు నన్ను ఉంచుతడా? అక్కడ ఒక్కనాడు తప్పలె. ఇంటికొచ్చి మొత్తమే జూసిన, ఏది కరిగేది ఏది నిలిచేది అని జూడలె."

నా ప్రశ్నకు జవాబు అదే. అది వినగానే నాకు తేలికవ్వలేదు.

"మరి ఎట్ల రాయాల్సుండె?"

"రెండిట్లనూ ఇద్దరు ఉండాలె. కిస్తుల సగం నీది, పాలల్ల సగం వానిది. కాయితం మీద ఇద్దరి పేర్లు. గంతే." తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నేనే చెప్త వానికి. నువ్వు జెప్తె కొట్లాటయితది. నేను జెప్తె నా తప్పు నేను దిద్దుకున్నట్టు. జర లేవనీ నన్ను, ఫికర్ జెయ్యకు."

ఆమె మళ్లీ సరిగ్గా లేవలేదు. నెల గడిచాక ఆస్పత్రిలో, మా ఆయన మందులకు కిందికి వెళ్లినప్పుడు, నేను అడిగాను. అడిగినందుకు ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు. "చెప్తరా వదినా?" అన్నాను. ఆమె కళ్లు తెరవకుండానే అంది, "వాడు ఏడుస్తాండు పిల్లా. ఏడ్సేటోనికి లెక్క చెప్పొద్దు."

పదో రోజు అయిన మర్నాడు నా ఫోన్‌కు డబ్బు వచ్చింది. ఆస్పత్రి ఖర్చులో నేను పెట్టిన సగం, రూపాయి తేడా లేకుండా.

"ఇదేంది?" అన్నాను.

"అక్క నాది గదా. నువ్వు చేసిన సేవే చాలు. పైసలు కూడా నీయేనా?"

"నాకు వదిన కాదా?"

"అట్లన్ననా నేను?" అన్నాడు. నోరు తెరిచిన ప్రతిచోటా ఆయన మంచితనమే అడ్డంగా నిలబడుతుంది.

లోను తీరింది. పోయిన వారం బ్యాంకు నుంచి ఇంటి కాగితాలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, "ఇగ ఇల్లు మనదే" అన్నాడు. మనదే అన్న మాటతో సరిపెట్టుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. బహుశా అది నిజంగా సరిపోతుందేమో. అక్క ఇట్లా అన్నదని చెప్తే, విన్నది నేనొక్కదాన్నే. పోయిన మనిషి నోట నా మాట పెట్టినట్టవుతుంది. చెప్పకపోతే, ఆమె దిద్దుకోవాలనుకున్న తప్పు ఆమె పేరు మీదే ఉండిపోతుంది.

ఆ కాగితాలున్న ప్లాస్టిక్ కవరు ఇంకా బల్ల మీదే ఉంది. అన్నం వేళకు ఎవరు ముందొస్తే వాళ్లు దాన్ని పక్కకు జరిపి కంచాలు పెడుతున్నాం. తిన్నాక బల్ల తుడిచి మళ్లీ మధ్యలోనే పెడుతున్నాం. ఆయన దాన్ని బీరువాలో ఎందుకు పెట్టడం లేదో నేను అడగలేదు. నేనెందుకు పెట్టడం లేదో ఆయనా అడగలేదు. నా పేరు కూడా రాయించమని అడగాలో వద్దో నాకింకా తెలియడం లేదు.