మీటరుపై పద్నాలుగు గీతలు

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, ఏ పరికరంతో కొలిచారని అడిగే మనిషిని నేను. వయసు అరవై మూడు. షార్జాలో గ్యాస్ బాయిలర్లు, వాటర్ హీటర్లు బాగుచేసే ఒక కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. చివరి పన్నెండేళ్లు సర్వీసు సూపర్‌వైజరుగా ఉన్నాను. ప్రతి పనికీ తేదీ, సమయం, రీడింగు, కారణం, పరిష్కారం అని అయిదు గడులు గీసుకుని నా చేత్తోనే నింపేవాణ్ణి. కొలతకు అందని దేన్నీ నేను నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవరినీ అడగను. నా దగ్గరున్న అంకెలు మాత్రం మీ ముందు పెడతాను.

గంగన్న మా కంపెనీలో గ్యాస్ టెక్నీషియను. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. యాభై దాటాడు. అతనికొక పద్ధతి ఉండేది. బాయిలర్ వెలగడం లేదని పిలుపు వస్తే, దాని మూత విప్పడానికి ముందే ఇంట్లోని పొయ్యితో సహా అన్నీ ఆపించి, బయట ప్రహరీ గోడకున్న గ్యాస్ మీటరు ముందు పది నిమిషాలు నిలబడేవాడు. ఏదీ వాడనప్పుడు మీటరు కదలకూడదు. కదిలితే గ్యాస్ ఎక్కడో కారుతున్నట్టే. ఆ తరువాత నాకు ఫోన్ చేసి అంకె చెప్పేవాడు. నేను దాన్ని తిరిగి చదివి వినిపిస్తే గాని ఫోన్ పెట్టేవాడు కాదు.

"మీరు రాసుకున్నంకనే నేను పానా పట్టుకుంట సార్. మీరు బువ్వ తినేటప్పుడు గుడ రీడింగ్ తీస్తరట గద, మీ ఇంట్ల మేడం చెప్పింది," అని నవ్వేవాడు.

2022 జనవరిలో ఒక సోమవారం. ఒక విల్లాలో బాయిలర్ మూడుసార్లు నిప్పురవ్వ వేసి, వెలగక, తనంతట తాను ఆగిపోతోంది. తొమ్మిది గంటల నలభై నిమిషాలకు గంగన్న ఫోన్ వచ్చింది.

"పద్నాలుగు గీతలు నడిచింది సార్. లోపలి వాల్వు పూరాగ మూస్కుంటలేదు. గ్యాస్ పెట్టెల నిండుతాంది. ఇప్పుడు రవ్వ పడితే మొకం మీదికే వస్తది. మెయిన్ కాక్ బంద్ చేసి ఎర్ర చీటీ కట్టిన."

నేను పద్నాలుగు అని రాసి, తిరిగి చదివాను.

మా మేనేజరు ప్రభాకర్‌ను అందరూ అరబ్బీలో ముదీర్ అనే పిలిచేవారు. విజయవాడవాడు, నాకన్నా పదిహేనేళ్లు చిన్న. విషయం చెబితే విసుక్కున్నాడు. "కొత్త వాల్వు రావడానికి మూడు వారాలు పడుతుంది. వాళ్లింటినిండా చుట్టాలున్నారు మూర్తి గారూ. మీ అంకెలతో స్నానాలు చేయమంటారా? రీసెట్ కొట్టి రమ్మనండి, యల్లా, తొందరగా!"

నేను ఆ మాట గంగన్నకు చెప్పలేదు. ముదీరే నేరుగా ఫోన్ చేశాడు. పది గంటల పన్నెండు నిమిషాలకు గంగన్న మళ్లీ నాకు చేశాడు.

"వీసా క్యాన్సిల్ చేస్తనంటుండు సార్. మీరేమంటరు?"

"ఆయన చెప్పినట్టు చెయ్యి గంగన్నా," అన్నాను.

పది గంటల ఇరవై అయిదుకు బాయిలర్ మూత ఎగిరింది. ముఖం, రెండు చేతులు కాలిన గంగన్న నాలుగో రోజు ఆసుపత్రిలో చనిపోయాడు.

ప్రమాదం జరిగిన సాయంత్రమే ముదీర్ నన్ను గదిలోకి పిలిచాడు. మీటరు కదలిక సున్నా అని, టెక్నీషియను ఏ పరీక్షా చేయకుండా తొందరపడి రీసెట్ నొక్కాడని రిపోర్టు కావాలన్నాడు. మా రిజిస్టరు విడి కాగితాలు గుచ్చేది. ఆ రోజు పేజీ తీసి, కొత్త పేజీ రాశాను. పద్నాలుగు ఉన్నచోట సున్నా వేసి, కింద సంతకం చేశాను. నేను రాసిన అబద్ధపు అంకె అదొక్కటే. పాత పేజీని చింపమన్నాడు. చింపలేక, మడిచి పాస్‌పోర్టు కవరులో దాచాను.

గంగన్న తమ్ముడు రాజన్న మా కంపెనీలోనే పైపు ఫిట్టరు. ఆ ఏడాది ఎన్నో సెలవు రోజుల్లో అతను అల్ నహ్దాలోని మా ఫ్లాటుకు వచ్చాడు. ఇచ్చిన టీ ముట్టకుండా ఒకటే అడిగేవాడు.

"ఊళ్లె మా వదినను అంటున్నరు సార్, నీ పెనిమిటి పని రాక సచ్చిండని. బిడ్డ బడికి పోతలేదు సిగ్గుకు. మా అన్న మీటరు సూడకుంట చెయ్యి పెట్టిండంటె నేను నమ్మ. సూడలేదా సార్?"

"రిపోర్టులో ఉన్నదే నాకూ తెలుసు," అనేవాణ్ణి. అతను చెప్పులు వేసుకుని వెళ్లేవాడు. మళ్లీ వచ్చేవాడు.

తరువాతి జనవరిలో ఒక ఆదివారం ఉదయం ముదీర్ తన ఇంటికి రమ్మన్నాడు. ఒక ప్రాజెక్టులో మిగిలిన కొత్త బాయిలర్‌ను తన విల్లాలో పెట్టించుకున్నాడు. పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకునే రకం అది. వెలిగి, వెంటనే ఆరిపోతోందట. రాజన్నను తీసుకుని తొమ్మిదిన్నరకు చేరాను.

గంగన్న పద్ధతిలోనే మొదలుపెట్టాను. మీటరు పది నిమిషాల్లో ఒక్క గీత కూడా కదలలేదు. గ్యాస్ పీడనం ఇరవై మిల్లీబార్లు, సరిగ్గా ఉంది. నిప్పురవ్వ కడ్డీల మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లు, అదీ సరే. ఎర్తు బాగుంది. ఆవిరి నీరు పోయే గొట్టం, పొగ గొట్టం రెండూ శుభ్రంగా ఉన్నాయి.

ఇక మిగిలింది మంటను గుర్తించే కడ్డీ. మంట ఉన్నంతసేపు ఆ కడ్డీ గుండా అతి స్వల్పమైన కరెంటు ప్రవహిస్తుంది. అది ఆగితే మంట లేదని తేల్చుకుని యంత్రం గ్యాస్ ఆపేస్తుంది. ఆ తీగకు మీటరు కలిపి వెలిగించాను. అయిదు మైక్రో ఆంపియర్లు, నిలకడగా. ఉన్నట్టుండి సున్నా. కాని చూపుగాజులో నీలి మంట నిండుగా మండుతూనే ఉంది. నా కళ్ల ముందు ఉన్న మంటను లేదని చెప్పి, యంత్రం గ్యాస్ ఆపేసింది.

కడ్డీ మార్చాను. తీగ మార్చాను. వ్యానులోని కొత్త కంట్రోల్ బోర్డు తెచ్చి బిగించాను. ప్రతిసారీ అంతే. రాజన్న తన ఫోనులో సెకన్లు లెక్కపెడుతున్నాడు.

"మళ్ల పద్నాలుగే సార్. ఏడుసార్లు సూసిన. ఒక్క సెకను అటుఇటు అయితలేదు."

ఆ అంకె విని నా పెన్ను ఆగింది. రాజన్నకు ఆ అంకె సంగతి తెలియదు. ఈ లోకంలో తెలిసినవాళ్లం ఇద్దరమే, నేను, ముదీర్.

పనిముట్టు కోసం వ్యాను దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చేసరికి, బాయిలర్ గదిలో తానొక్కడే ఉండగా అది పదకొండు నిమిషాలుగా ఆగకుండా మండుతోందని రాజన్న చెప్పాడు. నేను గడప దాటి లోపలికి అడుగుపెట్టాను. మనసులో లెక్కపెట్టాను. పద్నాలుగుకు ఆరిపోయింది. నేను బయట నిలబడి, ముదీర్‌ను ఒక్కణ్ణే లోపలికి వెళ్లి చూడమన్నాను. పద్నాలుగుకు ఆరిపోయింది. ఇద్దరం బయటికి వచ్చి రాజన్నను పంపితే మండింది. ఈ పరీక్షను నాలుగుసార్లు చేసి, నాలుగు ఫలితాలూ రాసుకున్నాను.

ముదీర్‌కు ఓపిక నశించింది. "ఆ సెన్సారును తప్పించి డైరెక్టుగా కట్టేయండి. రాజన్నా, నువ్వు రీసెట్ కొట్టు."

రాజన్న నా వైపు చూశాడు. "మీరేమంటరు సార్?"

అదే ప్రశ్న. అవే మాటలు.

గ్యాస్ కాక్ మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. బయటికి వెళ్లి మీటరు అంకె రాసుకుని వచ్చాను. సమయం పదకొండు గంటల యాభై రెండు నిమిషాలు. అప్పుడు చెప్పాను.

"రాజన్నా, మీ అన్న మీటరు చూశాడు. పద్నాలుగు గీతలు. నాకు ఫోన్ చేసి చెప్పాడు. మీ అన్నను వెలిగించమన్నది ఈయన. సరేనన్నదీ, సున్నా రాసిందీ నేను. అసలు పేజీ నా దగ్గరే ఉంది."

రాజన్న మెట్టు మీద కూలబడ్డాడు.

ముదీర్ ముఖం ఎర్రబడింది. ఆ తరువాత నవ్వాడు. "ఖలాస్ మూర్తి గారూ, పెద్దవారయ్యారు, ఇంటికెళ్లి పడుకోండి. ఆ కాగితం ఎవరు చూస్తారు? పద్నాలుగట, పద్నాలుగు! గ్యాస్ మీరే మూశారుగా, ఇంకేం భయం? మీ గంగన్న వచ్చి వెలిగిస్తాడేమో నేనూ చూస్తాను." అంటూ వంగి, తానే రీసెట్ నొక్కాడు.

మూత ఎగిరింది. మంట అతని ముఖాన్ని, రెండు చేతులను మాత్రమే తాకింది. మూడడుగుల వెనుక ఉన్న నా చేతి వెంట్రుక కూడా కాలలేదు. రాజన్నే లేచి, అతన్ని పక్కకు లాగి, తోట గొట్టంతో నీళ్లు పోశాడు.

అంబులెన్సు వెళ్లాక కాక్ చూశాను. తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. కాక్‌కూ బాయిలర్‌కూ మధ్య ఉన్నది ఒక మీటరు పైపు. అందులో మిగిలే గ్యాస్ మీటరుపై ఒక్క గీతకు కూడా సరిపోదు. పైగా ఇంట్లో పొయ్యి ఆపే ఉంది, కాక్ కూడా మూసి ఉంటే ప్రహరీ గోడ మీటరు కదిలే వీలే లేదు. గోడ దగ్గరికి వెళ్లి నేను రాసుకున్న అంకెతో సరిపోల్చాను. రాజన్న కూడా చదివాడు.

పద్నాలుగు గీతలు నడిచింది.

"అన్న లెక్క, సార్," అన్నాడు రాజన్న. ఆ గొంతులో ఏడుపు లేదు.

మరునాడు అసలు పేజీని అధికారులకు ఇచ్చి, నా తప్పు రాసి సంతకం చేశాను. నా ఉద్యోగం పోయింది. దాన్ని గురించి నాకు ఫిర్యాదు లేదు. గంగన్న పరీక్ష చేశాడని, ఆపమన్నాడని కొత్త రిపోర్టు వచ్చింది. రాజన్న దాని ఫొటో వదినకు పంపాడు. ఆమె ఊరి గ్రూపులో పెట్టిందట. ముదీర్ బతికాడు. అతని చేతివేళ్లు మాత్రం ముడుచుకోవు. ఇండియాకు వెళ్లిపోయాడు.

ఆ బాయిలర్‌ను బయటి ఇంజనీర్లు ముగ్గురు పరీక్షించారు. కాక్ కారడం లేదు. మీటరులో లోపం లేదు. కొత్త మూత బిగిస్తే బాయిలర్ మొదటిసారికే వెలిగి, గంటసేపు మండింది. నా సొంత ప్రతిలో ఆ ఆదివారానికి ఎదురుగా కారణం గడి ఖాళీగా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఖాళీ గడి అదొక్కటే. ఏం రాయాలో నాకు నేటికీ తెలియదు.

సున్నా వేసిన చెయ్యి ముదీర్‌ది కాదు, నాది. అందుకే రోజూ ఉదయం మా ఆవిడ పొయ్యి ముట్టించే ముందు, మా ఫ్లాటు గ్యాస్ మీటరు ఎదుట పది నిమిషాలు నిలబడి రీడింగు రాసుకుంటున్నాను. ఇప్పటివరకు ప్రతిరోజూ కదలిక సున్నాయే వచ్చింది.

ఆ సున్నాను నమ్మలేకపోతున్నాను.