ఏ కూరగాయండీ?

మా పుట్టింట్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. మా మేనత్త చెవిన పొద్దున పడిన సంగతి మధ్యాహ్నం కాఫీ వేళకు పేటంతా తిరిగొచ్చేది. అలాంటి ఇంట్లో పుట్టి, నోరు మూసుకున్నందుకు జీతం తీసుకునే ఉద్యోగంలో పడ్డాను. దేవుడికి నా మీద ఏం కోపమో మరి.

బెంగళూరులో ఒక లాయర్ల ఆఫీసు అది. ఎక్కువగా మొగుడూ పెళ్ళాల కేసులే వస్తాయి. తెలుగువాళ్ళు వచ్చి తమ గోడు చెప్పుకుంటుంటే రికార్డు చేస్తారు. నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అది విని, మా లాయరు మేడం కోసం ఇంగ్లీషులో రాసిపెడతాను. కొత్త చట్టం వచ్చి ఇప్పుడు అందరూ డేటా డేటా అని గుండెలు బాదుకుంటున్నారు గానీ, మా మేడం మొదటినుంచీ అంతే. రికార్డింగు గదిలోకి ఫోన్లు తేకూడదు. చిత్తు కాగితం కూడా ఆ పూటే మిషన్లో వేసి పీలికలు చెయ్యాలి. బజార్లో క్లయింటు ఎదురైతే వాళ్ళు పలకరించేదాకా మనం ముక్కూ మొహం తెలియనట్టే పోవాలి.

అన్నిటికన్నా వింత, పేర్ల సంగతి. ఆఫీసులో క్లయింటు పేరు పైకి అనకూడదు. నెంబర్లు పెడితే తారుమారవుతాయి. పూలపేర్లు పెడదామంటే ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళవి అవే. అందుకని మేడం కూరగాయల్ని పట్టుకుంది. వచ్చినవాళ్ళు తమకు నచ్చిన కూరగాయ పేరు తామే చెప్పాలి. ఆ రోజు నుంచి ఆఫీసులో వాళ్ళ పేరు అదే. "బీరకాయకు వాయిదా పడింది", "క్యాబేజీ గారికి భరణం మంజూరైంది" అని మేము సీరియస్‌గా మాట్లాడుకుంటుంటే, కొత్తగా టీ తెచ్చిన మనిషి ఇది హోటల్ వాళ్ళ ఆఫీసనుకున్నాడు. ఫోన్లోనూ అంతే. ముందు "ఏ కూరగాయండీ?" అని మేం అడగాలి, వాళ్ళు చెప్పాలి. మా అంతట మేము చచ్చినా ఆ మాట అనకూడదు. తప్పు చెబితే రాంగ్ నెంబరని పెట్టెయ్యాలి.

ఒకమ్మాయి వచ్చి దొండకాయ అని చెప్పింది. అసలు చెప్పింది వేరే కూరగాయ. ఇక్కడ మార్చి రాస్తున్నాను, ఊళ్ళు కూడా మార్చాను. మారతహళ్ళిలో అద్దె ఇల్లు, పక్కనే ఉద్యోగం, ముప్పై లోపు వయసు. "అదే ఎందుకమ్మా?" అని మేడం అడిగితే ఆ పిల్ల నవ్వింది. రికార్డింగు ఆ నవ్వుతోనే మొదలవుతుంది. ఆ తర్వాత చెప్పినవి మీకు కూడా చెప్పను. చివర్లో "మా అమ్మకు మాత్రం తెలియకూడదు మేడం" అంది. మేడం సరేనంది.

వినీ వినీ ఆ గొంతు నా చెవిలో ఇల్లు కట్టుకుంది. సగం రాశాక, రెండోసారి రమ్మని చెప్పడానికి ఫోన్ చేశాను. అవతల "హలో" అన్నది అదే గొంతు. అదే జీర, అదే సాగదీత. ఇంకేం అనుమానం? అడగాల్సింది మానేసి నేనే అనేశాను.

"దొండకాయ గారేనా?"



"దొండకాయా? ఎవురు నువ్వు? ఇది నా బిడ్డ ఫోను. నా బిడ్డ పొయ్యింది తల్లీ. జరమొచ్చి, డెంగీ అనిరి, ఆస్పత్రిలోనే..."

"రాంగ్ నెంబరండీ," అని పెట్టేశాను. మరేం చెయ్యను? రూలు నోటికి పట్టేసింది. ఎదురుగా కంప్యూటర్లో రికార్డింగు సగంలో ఆగి ఉంది. నొక్కితే ఆ పిల్ల మళ్ళీ మాట్లాడుతుంది, వచ్చేసారి కాగితాలన్నీ తెస్తానంటుంది. పట్టపగలు, పక్కన ఇంతమంది ఉండగా, హెడ్‌ఫోన్లు తీసి దూరంగా పెట్టేశాను.

కొన్నాళ్ళకు ఆ తల్లి ఆఫీసుకు వచ్చింది. ఊరవతల చందాపుర నుంచి బస్సులు మారి వచ్చిందట. వాన తడి ఆరని చీర, చేతిలో మా విజిటింగ్ కార్డు.

"నా బిడ్డ బ్యాగులో ఇది ఉండాది. ఈ నెంబరు నుంచే ఫోనొచ్చె. దొండకాయ అన్నది నువ్వే కదా? గొంతు తెలస్తా ఉండాది."

"ఇక్కడికి ఎవరొచ్చినారు, ఎవరు రాలేదు అనేది మేము చెప్పేదానికి లేదక్కా," అన్నాను.

"చెప్పొద్దులే. నేనే చెప్తా విను." పక్క కుర్చీలో కూర్చుంది. "పెట్టె ఎత్తుకొని ఇంటికొచ్చె నా బిడ్డ. కొన్నాళ్ళు ఉంటానమ్మా అనె. మిద్దె మీద దొండపాదు ఉండాది మాకు. కాయలు కోసి, వేపుడు చేసి అన్నం పెడితి. తెల్లారినాక బస్సెక్కిస్తి. సర్దుకో పాపా, మొగుడన్నాక అట్లే ఉంటాడు అంటి. ఎవురన్నా ఏమన్నా అనుకుంటారని నా భయం. అదే కదా మీకాడ చెప్పి ఏడ్చింది? అందుకే కదా నువ్వు దొండకాయ అంటివి?"

నేను పారేసుకున్న ఒక్క మాటను ఈమె ఇన్నాళ్ళూ కత్తిలా కడుపులో పొడుచుకుంటూ తిరుగుతోంది. లేచి మేడం గదిలోకి పరిగెత్తాను.

"ఒక్క మాట చెప్పనివ్వండి మేడం. ఆమె అనుకుంటున్నది వేరు."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మకు తెలియకూడదు అంది. సరే అన్నాం. ఆ పిల్ల చచ్చిపోయింది గానీ మాట ఇచ్చిన మనం బతికే ఉన్నాం కదా?"

"ఆ తల్లిని చూడండి ఒకసారి!"

"చూశాను. ఒక మాట చెప్తే రెండోది అడుగుతుంది. రెండోదాని వెనక ఏముందో నీకు తెలుసు. విన్నది నువ్వే. అవి ఆమె తట్టుకుంటుందా?"

తట్టుకోదు. నాకు తెలుసు. అందుకే మేడం మీద అంత మండుకొచ్చింది. తప్పు చెప్పే మనిషితో పోట్లాడొచ్చు, న్యాయం చెప్పే మనిషితో ఏం పోట్లాడతాం?

తిరిగొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. నోరు గట్టిగా మూసుకున్నాను గానీ కళ్ళు మాట వినలేదు. ఆమె నా మొహంలోకి చూసింది.

"నీకే కండ్లల్లో నీళ్ళొస్తా ఉండాయి. నన్ను అంతగా తిట్టుకొని పొయ్యిందా నా బిడ్డ?"

"కాదు," అన్నాను.

అనాలని అనలేదు. వచ్చేసింది. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"కాదా?"

"కాదక్కా."

"అట్లయితే ఏం చెప్పె?"

అచ్చం మేడం చెప్పినట్టే అడిగింది. నవ్వింది అక్కా, నీ పాదు పేరు చెప్పి నవ్వింది అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు నవ్వింది అంటే? ఆ తర్వాత? ఒక పోగు లాగితే బట్టంతా ఊడి వస్తుంది. ఆమె నా పెదాల వంకే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి చెయ్యి వదిలి, చందాపుర బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. చెప్పాను. అదొక్కటే నేను చెప్పదగిన సంగతి.

కేసు వెయ్యకముందే మనిషి పోయింది గనుక ఫైలు ఉంచుకునే హక్కు మాకు లేదంది మేడం. ఒక మధ్యాహ్నం కంప్యూటర్ల మనిషి వచ్చి రికార్డింగు తీసేశాడు, వేరేచోట దాచిన దాన్నీ తీసేశాడు. అది పోయేముందు ఆ నవ్వు ఒక్కసారి వినాలనిపించింది. అడగలేదు. ఏ రూపంలోనూ, ఎవరి దగ్గరా దీని ప్రతి మిగల్లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

పచ్చి అబద్ధం. ప్రతి నా దగ్గరే ఉంది. వంటింట్లో దొండకాయలు కోస్తుంటే ఆ పిల్ల నవ్వుతుంది. కత్తి పట్టుకుని అలా నిలబడిపోతే మా ఆయన "ఏమైంది?" అంటాడు. ఏమీ లేదంటాను. మెజెస్టిక్ బస్టాండులో బస్సు దిగుతుంటే వెనకెవరో ఆ జీరగొంతుతో హలో అంటారు, తిరిగి చూస్తే ఇంకెవరో. ఆ పిల్ల నాకేమవుతుంది? ఏమీ కాదు. నన్నెందుకు పట్టుకుందని కోపమొస్తుంది, ఆ వెంటనే భయమేస్తుంది.

మొన్న ఆఫీసు ఫోన్ మోగింది. అలవాటుగా ఎత్తి, "ఏ కూరగాయండీ?" అన్నాను.

"దొండకాయ," అంది అదే గొంతు.

కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"నేను తల్లీ, దాని అమ్మను. ఇంకేమీ అడగనులే. నా బిడ్డ మాట్లాడింది మీరు యంత్రంలో పట్టి పెట్టుకుంటారంట కదా. అదన్నా ఉండాదా?"

అటువంటిది ఉందనీ లేదనీ కూడా చెప్పకూడదు. "లేదక్కా," అన్నాను. "తీసేసినారు."

"పూరా?"

"పూరా."

ఆమె ఊపిరి వినిపిస్తూ ఉంది.

"నీకన్నా గుర్తుండాదా?"

"ఉండాదక్కా."

"సాలు. నాకేం చెప్పొద్దు. నువ్వు మాత్రం మరిచిపోవద్దు తల్లీ."

మరిచిపోనన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి నేను చెయ్యాల్సింది ఏమీ లేదు.