బల్బు వినలేదుగా!

తొంభైల చివర్లో రాజమండ్రి దగ్గర ఇంజనీరింగ్ సెకండియర్ చదువుతున్నాను. ఆ రోజు ఎలక్ట్రికల్ ల్యాబ్ వైవా. అది పోతే ల్యాబ్ మొత్తం పోయినట్టే. లోపల్నుంచి వచ్చినవాళ్లు బయట నిలబడ్డవాళ్లకు ప్రశ్నా జవాబూ చెప్పి వెళ్లడం మా కాలేజీలో ఆనవాయితీ.

నా ముందు వెళ్లిన పద్మ బయటికొస్తూనే, “అందరికీ ఒకటే క్వశ్చన్! అరవై, వంద వాట్ల బల్బులు సిరీస్‌లో పెట్టారు. ఏది ఎక్కువ వెలుగుతుందంటే అరవై అని చెప్పేయ్” అంది.

లోపల కాకినాడ నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు, ఆయన పక్కన మా లెక్చరరు గారు కూర్చున్నారు. బల్ల మీద రెండు బల్బులు, ఒక స్విచ్చు.

“ఈ రెండు బల్బుల్లో...”

“అరవై అండి!” అన్నాను.

“నేనింకా అడగలేదమ్మా” అంటూ ఆయన స్విచ్చు వేశారు. వంద వాట్ల బల్బు ధగధగా వెలిగింది. దాని పక్కన అరవై వెలవెలబోయింది. ఆయన వైర్లు విప్పి ప్యారలల్‌లో కలిపారని అప్పుడు గమనించాను. అలా కలిపితే జవాబు తిరగబడుతుంది. మా లెక్చరరు గారు కిటికీ వైపు తిరిగారు.

“బయటవాళ్లు చెప్పింది నువ్వు విన్నావు. బల్బు వినలేదుగా!” అన్నారు ఎగ్జామినరు గారు నెమ్మదిగా.

చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాను. నా తర్వాత వెళ్లాల్సిన సూరిబాబు తలుపు దగ్గరే ఆపి, “ఆన్సరేంటండీ?” అన్నాడు.

“వంద” అన్నాను.

అతను లోపలికి అడుగుపెడుతుంటే, ఆయన మళ్లీ వైర్లు విప్పుతూ కనిపించారు.

ఇప్పుడు నేనూ ఎగ్జామినరుగా వైవాలకు వెళుతుంటాను. నా బ్యాగులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది.